క్షేత్ర పరీక్ష

పాఠ్యభాగ సందర్భం

సేంద్రియ వ్యవసాయాన్ని గురించీ, ఆహారారోగ్యాలను గురించీ నేడు ఎన్నో వాదాలు వినిపిస్తున్నాయి. వాటిని తూచే తక్కెడ ఎలా రూపొందింది? ఆ తూకానికి మూల్యం చెల్లించినవారు ఎవరు? పొలంలోనూ వైద్యశాలలోనూ జరిగిన కొన్ని ప్రసిద్ధ పరీక్షల ద్వారా ఈ విషయాన్ని వివరించే వ్యాసమిది.

పాఠ్యభాగం

సంస్కృతంలో 'క్షేత్రం' అనే మాటకు పొలమనీ, శరీరమనీ అర్థాలున్నాయి. భగవద్గీత పదమూడవ అధ్యాయం శరీరాన్నే క్షేత్రమని పేర్కొని, దానిని ఎరిగినవానిని క్షేత్రజ్ఞుడన్నది. తెలుగులో పుణ్యక్షేత్రమనే అర్థం ముందుకు వచ్చి తక్కినవి వెనుకబడ్డాయి గాని, వ్యవసాయ క్షేత్రం, క్షేత్రస్థాయి వంటి సమాసాల్లో పాత అర్థం ఇంకా బతికే ఉంది. పొలానికీ దేహానికీ ఒకే పేరు పెట్టిన ప్రాచీనులు రెండింటికీ ఒకే తీరు చికిత్స కూడా ఊహించారు. మనిషికి ఆయుర్వేదం ఉన్నట్లే చెట్టుకు వృక్షాయుర్వేదం ఏర్పడింది. సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదం చెట్లకు సైతం వాత పిత్త కఫ దోషాలను ఆపాదించి, కుణపజలమనే ద్రవ ఎరువును తయారుచేసే విధానాన్ని చెబుతుంది. ఆ గ్రంథాన్ని 1996లో సికింద్రాబాదులోని ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ఆంగ్లానువాదంతో ప్రచురించింది.

ఇటువంటి గ్రంథాల్లో ఏమి చేయాలో ఉంటుంది. చేసినందువల్లనే ఫలితం కలిగిందని ఎలా తేల్చుకోవాలో ఉండదు. ఇది పూర్వగ్రంథాలకు మాత్రమే చెందిన లోపమని భావించరాదు. ఒక రైతు ఆవుపేడ, ఆవుమూత్రం, బెల్లం, పప్పుపిండి నీటిలో కలిపి నిలవచేసిన జీవామృతాన్ని తన చేనంతటికీ పారించాడనుకుందాం. ఆ ఏడాది పంట బాగా పండింది. కాని ఆ ఏడాది వానలూ సకాలంలో కురిశాయి. ఫలితం జీవామృతానిదా, వానదా? ఒక రోగి కషాయం తాగాడు, పది రోజులకు జ్వరం తగ్గింది. తాగకపోయినా తగ్గేదేమో ఎవరు చెప్పగలరు? రసాయనిక ఎరువులు అమ్మేవాడికీ, ఇంగ్లీషు మందు రాసే వైద్యుడికీ ఈ ప్రశ్న సమానంగానే వర్తిస్తుంది. జవాబు కావాలంటే ఎరువు వేయని మడి ఒకటి పక్కన ఉండాలి. మందు తీసుకోని రోగి ఒకడు పక్క మంచం మీద ఉండాలి. పరీక్ష అన్న మాటలోని కాఠిన్యమంతా ఇక్కడే ఉంది.

1747వ సంవత్సరం మే నెలలో ఇంగ్లండుకు చెందిన సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు ఉండేవాడు. నెలల తరబడి తాజా కూరగాయలు లేకుండా సముద్రం మీద తిరిగే నావికులను స్కర్వీ అనే వ్యాధి పీడించేది. చిగుళ్ళు కుళ్ళి, మోకాళ్ళలో సత్తువ నశించి మనుషులు చనిపోయేవారు. దానికి తలా ఒక మందు చెప్పేవారు. లిండ్ ఒకే విధమైన లక్షణాలున్న పన్నెండుమంది రోగులను ఎంచుకొని, అందరినీ ఒకేచోట ఉంచి, ఒకే ఆహారం పెట్టి, ఇద్దరిద్దరి చొప్పున ఆరు జంటలుగా విభజించాడు. ఒక జంటకు ఆపిల్ పండ్ల మద్యం, ఒక జంటకు పలుచని గంధకామ్లం, ఒక జంటకు వినిగర్, ఒక జంటకు సముద్రపు నీరు, ఒక జంటకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి నూరిన లేహ్యం ఇచ్చాడు. మిగిలిన జంటకు రోజుకు రెండు నారింజపండ్లు, ఒక నిమ్మపండు. ఆరు రోజులకే ఓడలోని పండ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు లేచి పనిలోకి వెళ్ళగలిగాడు, రెండవవాడు తక్కిన రోగులకు సపర్యలు చేసే స్థితికి వచ్చాడు.

లిండ్ ఈ విషయాన్ని 1753లో గ్రంథంగా ప్రకటించాడు. ఆంగ్ల నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించింది 1795లో. అంతకు ముందటి ఏడే లిండ్ కన్నుమూశాడు. సత్యం తేలడానికి ఆరు రోజులు చాలాయి, దానిని అంగీకరించడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. తన గ్రంథంలో ఆ పరీక్షకు లిండ్ కేటాయించినది కొద్దిపాటి చోటే. తన చేతిలో ఉన్నదేమిటో ఆయనకే పూర్తిగా తెలిసినట్లు లేదు.

పొలంలో జరిగిన పరీక్షకు ఆరు రోజులు చాలవు. లండన్ నగరానికి ఉత్తరాన ఉన్న రోథంస్టెడ్ అనే ఎస్టేటులో జాన్ బెనెట్ లాస్ అనే భూస్వామి 1842లో సూపర్ ఫాస్ఫేట్ ఎరువుకు పేటెంటు పొందాడు. మరుసటి సంవత్సరం జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి బ్రాడ్‌బాక్ అనే పొలాన్ని పొడవాటి చెక్కలుగా విభజించి గోధుమ చల్లించాడు. కొన్ని చెక్కలకు రకరకాల రసాయనిక ఎరువులు, ఒక చెక్కకు ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు. ఒక చెక్కకు ఏమీ లేదు. ఆనాటి నుండి నేటి వరకు ఆ పొలంలో గోధుమ పండుతూనే ఉంది. ఏమీ వేయని చెక్క హెక్టారుకు ఒక టన్నుకు అటూ ఇటూగా ఇస్తూ వచ్చింది. పశువుల ఎరువు వేసిన చెక్కా, మంచి మోతాదులో రసాయనిక ఎరువులు వేసిన చెక్కా వంద సంవత్సరాలకు పైగా ఇంచుమించు సమానంగా పండాయి. పశువుల ఎరువు వేసిన చెక్కలో మాత్రం మట్టిలోని సేంద్రియ పదార్థం రెండింతలకు మించి పెరిగింది.

లాస్ ఎరువుల వ్యాపారి. పేడ ఎరువు తన సరుకుతో సమానంగా పండించగలదని చూపే చెక్కను తన పొలంలో తానే పెంచి, ఆ లెక్కలను దాచకుండా ప్రకటించాడు. పరీక్షకుని నిజాయితీకి ఇంతకంటె నిదర్శనం దొరకడం కష్టం. సేంద్రియ వ్యవసాయ పక్షపాతులూ, రసాయనిక వ్యవసాయ పక్షపాతులూ నేటికీ ఈ పొలం లెక్కలనే తమ తమ వాదాలకు ఆధారంగా చూపుతారు. హెక్టారుకు 35 టన్నుల పేడ ఎక్కడి నుండి తేవాలన్న ప్రశ్నను మాత్రం మొదటి పక్షంవారు తరచుగా దాటవేస్తారు. తెలుగునాట ఒక సన్నకారు రైతు పాకలో ఉండే రెండు పశువులు ఏడాదికి ఇచ్చే పేడ ఆ లెక్కకు ఏమూలకూ రాదు.

అయితే బ్రాడ్‌బాక్‌లో ఒక లోపముంది. ఏ చెక్కకు ఏ ఎరువన్నది మనుషులే ఎంచుకున్నారు. పొలమంతా ఒకే సారం కలిగి ఉండదు. ఒక పక్క పల్లం, ఒక పక్క మెరక. ఒక గట్టున చెట్టు నీడ, మరో గట్టున చౌడు. తనకు నచ్చిన ఎరువును తెలియకుండానే మంచి మడికి కేటాయించే స్వభావం మనిషిది. 1919లో రోథంస్టెడ్‌లో చేరిన రోనాల్డ్ ఫిషర్ అనే గణిత శాస్త్రవేత్త దీనికి విరుగుడు కనిపెట్టాడు. పొలాన్ని చిన్న చిన్న మళ్ళుగా విభజించి, ప్రతి ఎరువునూ అనేక మళ్ళలో వేయాలి. ఏ మడికి ఏ ఎరువో మనిషి నిర్ణయించరాదు, చీట్లు తీసి నిర్ణయించాలి. తన ఇష్టాన్ని తన చేతిలో నుండి తానే లాగివేసుకోవడమన్నమాట! దీనిని యాదృచ్ఛిక ఎంపిక అంటారు. 1935లో వెలువడిన 'ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్' అనే గ్రంథంలో ఫిషర్ ఈ పద్ధతిని సమగ్రంగా వివరించాడు.

పొలంలో పుట్టిన ఈ చీట్ల పద్ధతి కొద్ది ఏళ్ళలోనే వైద్యశాలలో ప్రవేశించింది. క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ అనే మందు అమెరికాలో కనుగొన్నారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కాలమది. ఇంగ్లండు వద్ద మందు కొనడానికి చాలినన్ని డాలర్లు లేవు. దొరికిన కొద్దిపాటి మందును ఎవరికి ఇవ్వాలి? అక్కడి వైద్య పరిశోధన మండలి తరఫున ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త పరీక్షను రూపొందించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో క్షయ సోకి మరణం అంచు వరకు వెళ్ళివచ్చిన వ్యక్తి ఆయన. మొత్తం 107 మంది రోగులు. మూసిన కవర్లలోని చీటీ ప్రకారం 55 మందికి మంచం మీద విశ్రాంతితో పాటు మందు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎక్స్‌రేలు చూసి తీర్పు చెప్పే వైద్యులకు ఏది ఎవరిదో తెలియనివ్వలేదు. ఆరు నెలలు గడిచేసరికి మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో పద్నాలుగురు మరణించారు. 1948లో ఈ ఫలితం వెలువడింది.

ఆ పద్నాలుగురి మాట ఏమిటి? అందరికీ సరిపడేంత మందు లేనప్పుడు చీటీ తీయడమే న్యాయమని హిల్ వాదం. ఆ వాదంలో బలముంది. పలుకుబడి ఉన్నవారికే మందు దక్కడం కంటె చీటీ మేలే కదా! కాని ఆ 52 మందికి తాము ఒక పరీక్షలో భాగమన్న సంగతి కూడా చెప్పలేదు. నేటి నియమాల ప్రకారం అలా చేయడానికి వీలులేదు. 1964లో ప్రపంచ వైద్య సంఘం వెలువరించిన హెల్సింకీ ప్రకటన తరువాత, రోగి తెలిసి సమ్మతించడమన్నది వైద్య పరీక్షలకు మూల నియమంగా స్థిరపడింది. ఎరువు వేయని మడికి నోరు లేదు. మందు ఇవ్వని మనిషికి ఉంది. పొలం నుండి వైద్యశాలకు పద్ధతి వెళ్ళగలిగినంత తేలికగా నీతి వెళ్ళలేదు.

ఈ కథలో భారతదేశానికి గౌరవప్రదమైన స్థానముంది. 1956లో మద్రాసు నగరంలో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం నెలకొన్నది. క్షయరోగిని ఊరికి దూరంగా శానటోరియంలో ఉంచి, మంచి గాలి, పుష్టికరమైన భోజనం, సంపూర్ణ విశ్రాంతి ఇస్తేనే తగ్గుతుందని అప్పటి నమ్మకం. అన్ని మంచాలు దేశంలో ఎక్కడివి? మద్రాసు కేంద్రంవారు పేదవాడల నుండి వచ్చిన రోగులను చీట్ల పద్ధతిలో రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గాన్ని శానటోరియంలో ఉంచారు. రెండవ వర్గానికి ఇంటివద్దనే ఉంటూ వారం వారం వచ్చి మందు తీసుకుపోయే ఏర్పాటు చేశారు. ఇరువురికీ మందులు ఒకటే. ఇంటివద్ద ఉన్నవారికి తిండి తక్కువ, పని ఎక్కువ, ఇల్లు ఇరుకు. అయినప్పటికీ సంవత్సరాంతానికి రెండు వర్గాలలోనూ అత్యధికులు కోలుకున్నారు. తేడా స్వల్పమే. ఇంటివద్ద రోగి ఉన్నందువల్ల కుటుంబ సభ్యులకు అదనంగా వ్యాధి సోకలేదని కూడా తేలింది. 1959లో వెలువడిన ఈ ఫలితంతో ప్రపంచ దేశాలు శానటోరియం మీద ఆధారపడటం క్రమంగా మానుకున్నాయి. తల్లిని పిల్లల నుండి ఏడాదిపాటు వేరుచేయవలసిన అగత్యం తప్పింది.

పొలమూ ఆరోగ్యమూ ఒకే పరీక్షలో కలుసుకున్నది మాత్రం దక్షిణ భారతంలోనే. ఆ ప్రస్తావనకు ముందు ఆల్బర్ట్ హోవర్డ్‌ను గురించి చెప్పుకోవాలి. 1905లో బీహారులోని పూసాకు వచ్చిన ఈ వృక్ష శాస్త్రవేత్త, తరువాత ఇందోరులో చెత్తనూ పేడనూ పొరలుగా పేర్చి కంపోస్టు చేసే విధానాన్ని రూపొందించాడు. సేంద్రియ వ్యవసాయానికి ఆద్యుల్లో ఒకనిగా ఆయనను లోకం గుర్తిస్తుంది. రోథంస్టెడ్ చిన్న మళ్ళ పద్ధతి ఆయనకు నచ్చలేదు. పశువు, మట్టి, పంట, మనిషి కలిసి తిరిగే చక్రాన్ని చిన్న ముక్కలుగా కోస్తే చక్రమే మాయమవుతుందని ఆయన ఆక్షేపణ. ఆలోచించదగిన ఆక్షేపణే ఇది. అయితే ఆయన తనకు అనుకూలంగా చూపిన నిదర్శనాలు పరీక్షకు నిలిచేవి కావు. తన పొలంలో పండిన మేత తిన్న ఎద్దులు, గాలికుంటు సోకిన పక్క పశువులతో మూతులు రాసుకున్నా వాటికి ఆ వ్యాధి రాలేదని హోవర్డ్ రాసుకున్నాడు. అదే మందలో సాధారణ మేత తిన్న ఎద్దులను కొన్నింటిని పక్కన నిలిపి ఉంటే ఆ మాటకు విలువ పెరిగేది.

ఆ పని నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ చేశాడు. 1918లో ఒక చిన్న గదిలో ఆయన ప్రారంభించిన పోషకాహార పరిశోధన క్రమంగా విస్తరించింది. దేశంలోని వివిధ ప్రాంతాల వారి భోజనాన్ని ఎలుకలకు వేరువేరుగా పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలతో కూడిన పంజాబు సిక్కుల భోజనం తిన్న ఎలుకలు బలిష్ఠంగా పెరిగాయి. పాలూ కూరగాయలూ కరవై, పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానమైన దక్షిణాది పేదల భోజనం తిన్నవి గిడసబారి రోగాల పాలయ్యాయి. 1926లో విశ్వనాథ్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తతో కలిసి మరో అడుగు వేశాడు. పశువుల ఎరువుతో పండిన ధాన్యం, రసాయనిక ఎరువుతో పండిన ధాన్యం, ఏ ఎరువూ లేకుండా పండిన ధాన్యం జంతువులకు పెట్టి పోల్చాడు. పశువుల ఎరువుతో పండినవాటికి పోషక విలువ అధికమని వారు ప్రకటించారు. సేంద్రియ పక్షంవారు ఈ ఫలితాన్ని తరచుగా ఉదాహరిస్తారు. తరువాతి కాలపు పరిశోధనల్లో ఆ భేదం ప్రతిచోటా కనబడలేదన్న సంగతి కూడా దానితో పాటు చెప్పవలసి ఉంటుంది. మెకారిసన్ ప్రయోగాలన్నిటిలోనూ స్పష్టంగా తేలింది ఒకటే: ధాన్యం ఎలా పండిందన్న దానికంటె కంచంలో పాలు, పప్పు, ఆకుకూర ఉన్నాయా లేవా అన్నదే పెద్ద తేడా తెచ్చింది.

కూనూరు పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకొన్నది. తార్నాకలోని ఆ సంస్థ 1987, 1990 సంవత్సరాల మధ్య హైదరాబాదు పరిసరాల్లోని 29 గ్రామాల్లో ఒక పరీక్ష నిర్వహించింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పుడప్పుడే ఒక్కొక్క ప్రాంతానికి విస్తరిస్తున్నది. పథకం అందిన 15 గ్రామాల్లో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా ప్రతిదినం పెట్టారు. పథకం ఇంకా చేరని 14 గ్రామాలను పోలిక కోసం ఎంచుకున్నారు. ఎవరి నోటి ముద్దా లాగివేయలేదు. పథకం తమ వంతుగా రావలసిన ఊళ్ళే అవి, తరువాత వాటికీ వచ్చింది. స్ట్రెప్టోమైసిన్ పరీక్షలోని ధర్మసంకటానికి ఇదొక పరిష్కారం. దీనికీ ఒక మూల్యముంది. ఏ ఊరికి పథకం ముందు రావాలో చీటీ నిర్ణయించలేదు, ప్రభుత్వ క్రమం నిర్ణయించింది. కనుక రెండు వర్గాల గ్రామాలు మొదటినుంచీ అన్ని విధాల సమానమేనని అంత గట్టిగా అనలేము.

ఆ పిల్లలు కౌమారంలోకి వచ్చిన తరువాత పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళారు. 13 నుండి 18 ఏళ్ళ వయసుగల 1165 మందిని పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. రక్తనాళాల స్థితి, ఇన్సులిన్ పనిచేసే తీరు కూడా వారిలో మెరుగ్గా ఉన్నాయి. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పద్నాలుగు మిల్లీమీటర్లంటే చిటికెన వేలి గోరంత. కాని అది ఒక బిడ్డ ఎత్తు కాదు, ఊళ్ళకు ఊళ్ళ సగటు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న ముద్ద పదిహేనేళ్ళ తరువాత ఎముకలో కనిపించిందని దాని భావం.

ఇక నేటి తెలుగు పొలాలకు వద్దాం. పూర్వపు ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామ రైతులు ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పత్తికి పురుగుమందులు మానివేశారు. వేపగింజల కషాయం, మిరప వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలతో పురుగును అదుపుచేసి ఖర్చు తగ్గించుకున్నారు. అప్పులకు కారణమైన మందుల దుకాణంతో వారికి పని తప్పింది. 2015-16లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని విస్తృతంగా చేపట్టింది. ఇవన్నీ ఆశాజనకమైన ప్రయత్నాలే. వీటి లెక్కలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొత్త పద్ధతిలోకి తమంతట తాము వచ్చిన రైతులు సాధారణంగా శ్రద్ధాళువులు. దినమూ చేనులో తిరిగేవారు. అటువంటివారి చేను ఏ పద్ధతిలోనైనా పొరుగు చేనికంటె బాగానే ఉండవచ్చు.

ఆ సందేహానికి తావులేకుండా చేయాలంటే ఒకే యజమాన్యం కింద మళ్ళు పక్కపక్కన ఉండాలి, సంవత్సరాలు గడవాలి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ ఆవరణలో 1999లో అటువంటి దీర్ఘకాల ప్రయోగం మొదలైంది. స్విట్జర్లాండులో బాసెల్ నగరం దగ్గరి థెర్విల్‌లో 1978 నుండి సాగుతున్న ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. అక్కడి మొదటి 21 సంవత్సరాల లెక్కలు 2002లో ప్రచురితమయ్యాయి. సేంద్రియ మళ్ళలో దిగుబడి సగటున 20 శాతం తక్కువ. ఎరువుల రూపంలోనూ, ఇంధన రూపంలోనూ పెట్టిన పెట్టుబడి 34 నుండి 53 శాతం తక్కువ, పురుగుమందులు 97 శాతం తక్కువ. వానపాములు అధికం. ఈ లెక్కను చూసి ఒకరు 20 శాతం నష్టమంటారు, మరొకరు సగం ఖర్చు ఆదా అంటారు. ఇద్దరిదీ నిజమే. ఏది ముఖ్యమన్నది ఆ రైతుకు ఎంత భూమి ఉంది, ఎంత అప్పు ఉంది అన్న దానిమీద ఆధారపడుతుంది.

ఒకటిన్నర ఎకరం ఉన్న రైతును ఇరవై ఏళ్ళు ఆగమనలేము. ఏమీ వేయని చెక్కను ఏటా వదలమనీ అనలేము. ఆ చెక్కలో పండనిది అతని ఇంటి గింజలే. అందుకే రాష్ట్రంలో వ్యవసాయ శాఖ నడిపిన పొలంబడుల్లో చిన్న ఏర్పాటు ఒకటి ఉండేది. పాతిక ముప్ఫైమంది రైతులు వారానికొకసారి ఒకే పొలం గట్టున చేరేవారు. పొలంలో ఒక భాగం ఎప్పటిలాగే సాగుచేసేవారు, మరొక భాగం కొత్త పద్ధతిలో. రెండింటిలోనూ కొన్ని మొక్కలను ఎంచి, ఆకు తిరగేసి, పురుగులెన్ని, వాటిని తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు ఎన్ని అని లెక్కపెట్టి చార్టు మీద బొమ్మలు గీసేవారు. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ బొమ్మలు చూశాకనే చర్చించేవారు. ఫిషర్ పేరు ఆ గట్టున ఎవరూ విని ఉండరు. పోలిక మడి మాత్రం వారి ఎదుట ఉంది. ఎప్పటిలాగే మందు కొడదామని పట్టుబట్టిన రైతు కూడా ఆ మడిలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చొని సాలీళ్ళను లెక్కించవలసి వచ్చేది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో తలెత్తిన ధర్మసంకటాన్ని వివరించి, హైదరాబాదు గ్రామాల పరీక్ష దానిని ఎంతవరకు పరిష్కరించిందో చర్చించండి.
2. 'చిన్న మళ్ళ పద్ధతి' పై హోవర్డ్ ఆక్షేపణను తెలిపి, మీ అభిప్రాయం రాయండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. జాన్ బెనెట్ లాస్ నిజాయితీని వ్యాసకర్త ఎందుకు మెచ్చుకొన్నాడు?
2. మద్రాసు పరీక్ష వల్ల క్షయరోగులకు కలిగిన మేలు ఏమిటి?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్య రాయండి.
1. ఎరువు వేయని మడికి నోరు లేదు.